వదులు అన్నాను, స్లాక్ అని రాశాను

గ్లైడరుకి ఇంజను ఉండదు. ఈ ముక్క చెప్పగానే ఎవరైనా సరే "మరి ఎలా ఎగురుతుందండీ?" అని అడుగుతారు. "ఎగరదండీ, పడుతుంది. కాకపోతే నెమ్మదిగా పడుతుంది" అనేవాణ్ణి నేను. నవ్వించడానికి అన్నా అది నిజమే. మనం దిగే వేగం కంటే గాలి లేచే వేగం ఎక్కువ ఉన్న చోటు వెతుక్కుంటే పైకి పోతాం, దొరక్కపోతే నేలకి దిగుతాం. ముప్పై ఏళ్ళు నేను నేర్పిందంతా ఈ వెతుకులాటే.

ఈ పనిలోకి కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఇద్దరు మొన్న మా ఇంటికొచ్చి, మాస్టారూ, మీ అనుభవాలు రాసిపెట్టండి అన్నారు. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, ఎవరు దండ వేశారో నేను రాయను. అవి మీకు ఎందుకూ పనికిరావు. నేను రాయవలసింది ఒకటుంది. దానికి ముందు కాసేపు అవీ ఇవీ మాట్లాడతాను. అసలు సంగతికి రావడానికి జంకుతున్నాడని మీరు అనుకుంటే తప్పు కాదు.

లేపడం గురించి

గ్లైడరుని లేపే పద్ధతులు మూడు నాలుగున్నాయి. చిన్న విమానం ముందుండి తాడుతో లాక్కెళ్ళడం ఒకటి. అది పెద్దింటి పెళ్ళి ఊరేగింపు. ఎత్తు కావలసినంత, తొందర లేదు, కావలసిన చోట వదిలించుకోవచ్చు. కొండవాలు మీద రబ్బరు తాడు పట్టుకుని పదిమంది పరిగెత్తి ఉండేలు బద్దలాగ విసరడం ఇంకొకటి. జీపుకి తాడు కట్టి రన్‌వే మీద లాగడం మరొకటి. మాకు విమానం లేదు, జీపుకి ఊపిరి లేదు. మాకున్నది విన్చి. అంటే రన్‌వే ఒక కొసన పాత లారీ ఇంజను, దానికో పెద్ద డ్రమ్ము, డ్రమ్ముకి అర మైలు పైచిలుకు ఉక్కు తీగ. రెండో కొసన గ్లైడరు. ఇంజను తీగని చుట్టుకుంటుంటే గ్లైడరు గాలిపటంలాగ ముక్కెత్తుకుని లేస్తుంది. విన్చి నడినెత్తికి వచ్చాక పైలటు పసుపుపచ్చ పిడి లాగితే కొక్కెం ఊడి తీగ కింద పడుతుంది.

ఏది మంచిదని అడుగుతారు. విమానం వెనకాల నేర్చుకున్నవాడికి ఓపిక వస్తుంది, విన్చి మీద నేర్చుకున్నవాడికి తెగింపు వస్తుంది. విన్చి మీద ఏది చెడినా రెండు సెకన్లలో చెడుతుంది. ముక్కు ఆకాశం కేసి ఉండగా లాగే బలం పోయిందంటే వేగం చచ్చిపోతుంది. అప్పుడు చేయవలసిన మొదటి పని ముక్కు దించడం. కొక్కెం సంగతి తర్వాత. ఈ వరస తప్పితే గ్లైడరు ఆకులాగ తేలదు, రాయిలాగ వస్తుంది.

మా మైదానం ఆమదాలవలస స్టేషనుకి ఆరేడు మైళ్ళ దూరంలో, యుద్ధం రోజుల్లో వేసి వదిలేసిన రన్‌వే. సగం సిమెంటు, సగం పల్లేరు కాయలు. అరవైల చివర్లో అక్కడ క్లబ్బు పెట్టారు. మా విన్చి నడిపేవాడు సింహాచలం, ఒకప్పుడు లారీ డ్రైవరు. తీగ మళ్ళీ గ్లైడరు దగ్గరకి లాక్కురావడానికి జీపు మొరాయిస్తే పక్క ఊరి రైతు ఎడ్లని కట్టేవాళ్ళం. ఎడ్లు తీగ లాగుతున్నంతసేపూ మా ఆధునిక విమానయానం వాటి వెనకాల నిలబడి ఉండేది. సింహాచలం ఎడ్లకి నమస్కారం పెట్టి, "ఈటికి పెట్రోలు అక్కర్నేదు, కారుబురేటరు ఊడదు" అనేవాడు.

మా కెప్టెన్ గారు, నా తెలుగు

మా పై అధికారి సైన్యంలో పనిచేసి వచ్చిన కెప్టెన్ గారు. ఉత్తరాది మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు, నేర్చుకోవాలన్న ఆశా లేదు. మైదానంలో మాటలన్నీ ఇంగ్లీషులోనే ఉండాలని ఆయన నియమం. మనిషి కఠినం, కానీ ఎవరి తప్పు వాళ్ళకే అంటగట్టేవాడు తప్ప ఒకరిది ఇంకొకరి నెత్తిన వేసేవాడు కాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదానికి ఆయన్ని తప్పుపట్టడానికి వీల్లేదు.

మాకొచ్చే శిష్యులు శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల పిల్లలు. ఇంగ్లీషు పుస్తకంలో చదివినవాళ్ళే గాని చెవితో విన్నవాళ్ళు కారు. విన్చి మీద రెండు సెకన్లలో అర్థం కావలసిన మాట అర్థం కాకపోతే ప్రాణం మీదకొస్తుంది. కాబట్టి తెలుగులో నేర్పుతానని నేను పట్టుబట్టాను. కెప్టెన్ గారు వద్దన్నారు. నేను వాదించాను. చివరికి, సరే, నీ పూచీ అన్నారు. ఆ రోజు నేను స్వరాజ్యం తెచ్చినవాడిలాగ తిరిగాను.

మాటలు నేనే ఏర్పరిచాను. తీగ బిగువు లేకుండా ఉంటే "వదులు". కొక్కెం విడిపించమంటే "వదులు". అవును, మీరు సరిగ్గానే చదివారు. నేల మీద తీగని కొంచెం కొంచెం లాగమనడానికి జెండా ఊపి "వదులు లాగు" అనేవాళ్ళం. పైన నడినెత్తికి వచ్చాక వెనక సీట్లోంచి నేను "వదులు" అంటే శిష్యుడు పిడి లాగేవాడు. ఒకటి నేల మీద, ఒకటి గాల్లో, ఎక్కడా కలవవు కదా అనుకున్నాను. అవి కలిసే చోటు ఒకటుందని నాకు తట్టలేదు.

తట్టినవాడు ఒకడున్నాడు. వాడి పేరు కూర్మయ్య.

కూర్మయ్య

కళింగపట్నం దగ్గర సముద్రం మీద వేటాడే ఇంటి పిల్లాడు. శ్రీకాకుళంలో బి.ఎస్సీ. చదువుతూ, ఆమదాలవలసలో మేనమామ ఇంట్లో ఉండేవాడు. తెల్లవారుజామున సైకిలు తొక్కుకుని మాకంటే ముందే మైదానానికి వచ్చి కూర్చునేవాడు. వాళ్ళ అయ్యకి ఈ పని నచ్చలేదు. నీటి మీద నిలబడాల్సినోడికి గాల్లో ఏటి పని అనేవాడట. ఒంటరిగా ఎగిరి సర్టిఫికెట్టు తెచ్చుకుంటే పైలటు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టుకోవచ్చని, అప్పుడు అయ్య ఏమీ అనలేడని కూర్మయ్య లెక్క. వాడికి కావలసింది ఆ ఒక్క సోలో.

నా దగ్గర నేర్చుకున్న వందమందిలో గాలి చూడగలిగినవాళ్ళు నలుగురైదుగురు. అందులో వాడు మొదటివాడు. ఒకరోజు పన్నెండు దాటాక వాడితో ఎగిరాను. మా వైపు ఒంటిగంటకల్లా సముద్రపు గాలి లోపలికొస్తుంది. అది వస్తే నేల చల్లబడి పైకి లేచే గాలి చచ్చిపోతుంది, ఇంక దిగిపోవడమే. దిగుదాం పదరా అన్నాను. వాడు తూర్పుకేసి చూసి, "ఉండండి మాస్టారూ, గాలి అక్కడ మడత పడిపోతన్నాది" అన్నాడు. నాకేమీ కనబడలేదు. గద్దలు మూడు నాలుగు ఒకే వరసలో తిరుగుతున్నాయి, అంతే. వాడు అటు పోనిచ్చాడు. సముద్రపు గాలి, నేల గాలి ఢీకొని పైకి లేస్తున్న గీత అది. ఆ గీత పట్టుకుని నలభై నిమిషాలు అటూ ఇటూ తిరిగాడు. నా వృత్తిలో అటువంటి సంగతి నాకు శిష్యుడు చూపించడం అదే మొదలు. దిగాక అందరితో నేనే చూపించినట్టు చెప్పాను. వాడు నవ్వుకున్నాడు గాని కాదనలేదు.

ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి మాటలు వల్లె వేయిస్తుంటే కూర్మయ్య లేచాడు. "మాస్టారూ, తీగ సడిలినా వదులే, ఇప్పమన్నా వదులే అయితే ఎలగండి? ఇప్పమన్నప్పుడు ఒగ్గు అనండి. మా పడవ మీద అలగే అంటాం, తేడా రాదు."

ఒగ్గు, అంటే వదిలెయ్యి. మా ఊళ్ళల్లో ముసలీ ముతకా అందరూ అనే మాటే. మా అమ్మ అనేది, నేనూ చిన్నప్పుడు అన్నాను. కాలేజీకి వెళ్ళి వదిలించుకున్నాను. ఇంగ్లీషుని గెంటి తెలుగు పెట్టిన పెద్దమనిషిని, నాకు ఆ తెలుగు మోటుగా అనిపించింది. "విమానంలో కూడా చేపల బుట్ట వాసన ఎందుకురా" అన్నాను. అందరూ నవ్వారు. వాడు కూర్చున్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ పొద్దు

ఆ వారంలోనే వాడికి సోలో ఇద్దామనుకున్నాను. ఆఖరిసారి నేను వెనక సీట్లో కూర్చున్నాను. గాలి బాగుంది. సింహాచలం బాగా లాగాడు. గ్లైడరు ముక్కెత్తింది, రెండు తాడిచెట్ల ఎత్తు లేచాం. అప్పుడు విన్చి ఇంజను దగ్గింది. పెట్రోల్లో నలక అడ్డుపడి ఉంటుంది. లాగే బలం పోయింది, తీగ వేలాడింది.

నేను చేయవలసింది అరవడం కాదు. నా ముందు కూడా గ్లైడరు నడిపే కర్ర ఉంది, ముక్కు దిగాలంటే అది ముందుకి తొయ్యాలి. నేర్పేవాడికి చెయ్యి ముందు, నోరు తర్వాత. నేను నోరు ముందు పెట్టాను. తీగ సడిలిందనే అర్థంలో, వదులు, చూసుకో, ముక్కు దించు అని చెప్పబోయి, అందులో మొదటి మాట అరిచాను.

"వదులు!"

మూడు నెలలుగా వెనక నుంచి ఆ మాట వినబడితే పిడి లాగడమే వాడికి నేర్పాను. చెప్పింది చెప్పినట్టు లాగేశాడు. కొక్కెం ఊడింది. ముక్కు ఇంకా ఆకాశం కేసే ఉంది. అదే క్షణంలో ఇంజను మళ్ళీ అందుకుంది, కానీ తీగ మా చేతిలో లేదు. నేను కర్ర తోశాను. సగం దూరం వేగం వచ్చింది, మిగతా సగానికి నేల వచ్చింది.

వాడికి ముందు పళ్ళు రెండు పోయాయి, గడ్డం చీలింది. నా మడమ విరిగింది. మా క్లబ్బుకున్న ఒకే ఒక రెండు సీట్ల గ్లైడరు తోక దగ్గర రెండు ముక్కలైంది. సింహాచలం అర మైలు పరిగెత్తుకొచ్చి మమ్మల్ని లాగుతూ ఏడ్చాడు, తన ఇంజను వల్లే అని. కాదురా అని వాడికి కూడా నేను చెప్పలేదు.

విచారణ

కెప్టెన్ గారు షెడ్డులో బల్ల వేసుకుని కూర్చున్నారు. కూర్మయ్య గడ్డానికి కట్టు, నా కాలికి కట్టు. ఏం విన్నావని ఆయన ఇంగ్లీషులో అడిగారు. వాడు నిలబడి, "రిలీజ్ అన్నారు సార్" అన్నాడు. ఆయన నా వైపు తిరిగారు. రిలీజ్ అన్నావా?

ఇక్కడ ఒక్క క్షణం నాకు దొరికింది. విన్చి మీద రెండు సెకన్లే అని చెప్పాను కదా, ఇక్కడ దానికంటే ఎక్కువే దొరికింది. నేనన్న తెలుగు మాట ఇది, దానికి రెండు అర్థాలున్నాయి, అలా పెట్టింది నేనే, పెట్టొద్దని ఈ కుర్రాడు చెప్పాడు అని ఒక్క ఊపిరిలో చెప్పొచ్చు. చెబితే నా లైసెన్సు కొన్నాళ్ళు పోయేది. అంతకంటే, ఇంగ్లీషే ఉండాలన్న కెప్టెన్ గారి మాట నెగ్గేది. నాకు నిజంగా బాధనిపించింది ఆ రెండోదే. పరువు కోసం చచ్చాను.

"లేదు సార్. స్లాక్ అన్నాను" అన్నాను.

అదే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఇంగ్లీషులో ఆ రెండు మాటలకీ పోలికే లేదు. ఎవరు చదివినా, మాస్టరు తీగ సడిలిందన్నాడు, కుర్రాడు బెదిరి పిడి లాగాడు అనే అర్థమవుతుంది. నేను అనబోయిన వదులుకి ఇంగ్లీషు అదే కాబట్టి ఒక్క అక్షరం అబద్ధం లేదు. చదివినవాళ్ళు మోసపోయారు.

ఒంటరిగా ఎగరడానికి తగిన గుండెనిబ్బరం లేదని రాసి కూర్మయ్యని తీసేశారు.

సాయంత్రం వాడు సైకిలు పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. మూతి వాచి ఉంది, మాట సరిగ్గా రావడం లేదు. కోపంగా లేడు. అడగడానికి వచ్చాడు, అంతే. "మాస్టారూ, మీరు వదులు అన్నారు కదండి?"

అప్పటికైనా చెప్పొచ్చు. వినడానికి కెప్టెన్ గారు కూడా లేరు. అయినా నేను కుంటుకుంటూ లేచి వాడి భుజం మీద చెయ్యి వేసి, "స్లాక్ అనే అన్నాన్రా. నువ్వు భయపడ్డావు. భయంలో చెవులు పనిచెయ్యవు" అన్నాను.

వాడు "అయ్యుంటాది మాస్టారూ" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మళ్ళీ గ్లైడరు బాగుపడి శిక్షణ మొదలయ్యాక, కొక్కెం విడిపించడానికి కొత్త మాట పెట్టాను. ఒగ్గు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. బాగుంది మాస్టారూ, ఖణేల్‌మని వినబడుతుంది అన్నారు పిల్లలు. ఎవరు చెప్పారో నేను చెప్పలేదు. ఆ మాటతో తర్వాత ఎంతోమంది క్షేమంగా దిగారు.

మీకు చెప్పదలచింది

నేర్పే పనిలో తప్పు జరగకుండా ఉండదు. నేను మాట తప్పు పెట్టాను, అది తెలివితక్కువతనం. చెయ్యి వెయ్యకుండా అరిచాను, అది చేతకానితనం. ఈ రెంటికీ ఎవరైనా క్షమిస్తారు, మీకూ జరుగుతాయి. శిష్యుడి చెవుల మీద వాడికే నమ్మకం పోగొట్టాను చూడండి, దానికి పేరు లేదు. ప్రమాదం జరిగితే మీరు ఏ భాషలో ఏ మాట అన్నారో ఆ మాటే రాయండి. పై అధికారికి ఆ భాష రాకపోతే నేర్చుకుంటాడు.

కుర్రాడు తెలివైనదేదైనా చెప్తే నవ్వకండి. మంచి మాట మోటుగా ఉందని తోసెయ్యకండి. గాలికి మన ఇస్త్రీ తెలుగుతో పని లేదు.

కళింగపట్నం

రిటైరయ్యాక విజయనగరంలో స్థిరపడ్డాను. తోట పని చేశాను, పేపరు చదివాను, రైతుబజారుకి వెళ్ళి వంకాయలు ఏరుకున్నాను. ఎనిమిదేళ్ళు అలా గడిచాక ఒక పొద్దున్న ఎందుకో బస్సెక్కాను. శ్రీకాకుళంలో మారి కళింగపట్నం చేరాను. కూర్మయ్య ఇల్లు అడిగితే చూపించారు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. జుట్టు నెరిసింది, ముందు పళ్ళు కట్టించుకోలేదు. నన్ను చూసి ఆనవాలు పట్టి లేచి నిలబడ్డాడు. "మాస్టారూ" అన్నాడు.

కూర్చుని అంతా చెప్పాను. వదులు అన్నానని, నువ్వు విన్నది సరైనదేనని, నేను తెలిసే అబద్ధమాడానని. చెప్తున్నంతసేపూ వాడి చేతులు వల మీద కదలలేదు.

"ముప్పయ్యేళ్ళై నేను పిరికోణ్ణనే అనుకుంటన్నాను మాస్టారూ" అన్నాడు. "నా సెవులకి మీ మాటే వినబడింది. కానీ మీరు అబద్దమాడరని, నాకే ఏటో అయిపోనాదని అనుకున్నాను. ఇంటికొచ్చి మా అయ్యకీ అదే సెప్పాను, బయపడి లాగేసినానని."

అయ్య ఏమన్నాడని అడిగాను. పెద్దకొడుక్కి రావలసిన చుక్కాని వాడికి ఇవ్వలేదట. గాల్లో ఒగ్గేసినోడు నీటిలోనూ ఒగ్గేస్తాడు, పదిమంది పానాలు ఈడి సేతిలో పెట్టను అని, తమ్ముడికి ఇచ్చాడట. తమ్ముడు వెనక కూర్చుని పడవ నడిపితే, ఇన్నేళ్ళూ కూర్మయ్య ముందు కూర్చుని వల లాగాడు. గాలి మడత పడడం కంటితో చూడగలిగినవాడు.

కాసేపటికి తమ్ముణ్ణి కేకేసి పిలిచాడు. "ఈడికి సెప్పండి మాస్టారూ, నాకు సెప్పినట్టే." మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి ఇంకా కష్టమైంది. తమ్ముడు నిలబడే విన్నాడు. నన్ను తిడతాడేమోనని చూశాను, తిడితే బాగుండేది.

"మాకు సెప్తే ఏటవుతాది బాబూ" అన్నాడు. "అయ్యకి సెప్పాల."

అయ్య పోయి ఆరేళ్ళయిందట. ఆరేళ్ళ కిందట నేను విజయనగరంలోనే ఉన్నాను, రిటైరై, ఏ పనీ లేకుండా, మూడు గంటల బస్సు ప్రయాణం దూరంలో.